బాపు సిగరెట్ పెట్టెలు కాలబెట్టిన. ఇప్పుడు మూడు వందల వస్తువులను ఆయన రిజిస్టర్‌తోని ఎట్ల జత కలపాలె?

హన్మకొండ టీచరమ్మ

నమస్తే అందరికి. ఇది నాణేల ముచ్చటనో, తప్పు ఒప్పుకునే ముచ్చటనో నాకే సమజైతలేదు. జర పొడుగుంటది, ఓపిక పట్టుండ్రి.

మా బాపు పశువుల దవాఖానల కాంపౌండర్. పెద్దపల్లి, సుల్తానాబాద్, ధర్మపురి, ఆఖరికి హుజూరాబాద్. సర్వీసంతా సైకిల్ మీదనే ఎల్లదీసిండు. హ్యాండిలుకు ఒక దిక్కు మందుల సంచి, ఇంకో దిక్కు ఖాళీ సంచి. ఆ ఖాళీ సంచి మాపటికి ఖాళీగనే వచ్చిందంటే ఆ దినం ఆయనకు అన్నం సయించకపోయేది. గొర్లకు నట్టల మందు తాపితే కుర్మాయన ఏమిస్తడు? "పాటిగడ్డ మీద మేపుతుంటె కాలికి తాకింది సారూ" అని ఒక తుప్పు బిళ్ల చేతుల పెట్టేది. పాటిగడ్డ అంటే పాతకాలపు ఊరు పాడుబడ్డ దిబ్బ. బాపుకు గదే ఫీజు. మా అవ్వ మాత్రం "మందికి జీతమస్తది, మా ఇంటికి పెంకాసులస్తయి" అనేది.

బాపు పోయిన మాఘంల 88 ఏండ్లకు పోయిండు. హన్మకొండ ఇంట్ల నడిమర్ర నిండ ఆయన సామానే. అడ్కత్తెరలు పందొమ్మిది. మానిక, తవ్వ, సోల, గిద్దె దొంతర. ఎన్.జి.ఎస్.ఆర్. అని పోత పోసిన రైలు లాంతరు. ఆజంజాహి మిల్లు బట్ట తానుల మీద అంటిచ్చే రంగుకాగితాలు. నిజాం బొందు (బాండు) కాగితాలు. ఒక తాళపత్రాల కట్ట. అటుక మీద చుట్ట చుట్టిన గుడ్డ పటం ఒకటి, రెండు మూరల బారు కట్టెకు చుట్టి ఉన్నది, ఎలుకలు కొరికినయి. ఇగ చిన్నయి, అంటే నాణేలు, పూసలు, మట్టిబొమ్మ ముక్కలు, అన్ని చార్మినార్ సిగరెట్ పెట్టెలల్ల. ఒక పెట్టెల ఒక వస్తువు. పెట్టె మూత మీద నంబరు, లోపల చీటి. నిజాం రూపాయి మీద చార్మినార్ ఉంటది కద, దాన్ని పెట్టెల పెట్టుకుంట "చార్మినార్‌ల చార్మినార్" అని నవ్వేటోడు. ఆ నవ్వు కోసమే అన్ని సిగరెట్లు తాగిండేమో అనిపిస్తది.

ఇగ నా ఘనకార్యం. దినాలకు చుట్టాలు వస్తరని అర్ర ఖాళీ చేయాలె. నాకు ఆ సిగరెట్ పెట్టెలను చూస్తేనే మంట. ఆయన ఊపిరితిత్తులు తిన్నయి అవే. అన్ని విప్పి, లోపలియన్ని రెండు హార్లిక్స్ సీసాలల్ల గుమ్మరిచ్చి, పెట్టెలు చీటీలతో సహా నీళ్ల కాగు కింద పెట్టిన. దాదాపు మూడు వందలు. స్నానాలకు నీళ్లు బాగనే కాగినయి. అది చాలదన్నట్టు ఒక ఇరవై నాణేలను చింతపండు, ఉప్పు పెట్టి మెరిసేదాక తోమిన. బడిపిల్లలకు చూపియ్యొచ్చని.

నెల కింద దవాఖాన పాత రిజిస్టర్ ఒకటి దొరికింది. ఎనక పేజీలల్ల బాపు లెక్క: నంబరు, ఊరు పేరు పొట్టి అక్షరాలల్ల, ఒక అంకె, ఎందుకిచ్చిన్రో ఒక మాట. అంకెలన్ని ఉర్దూల ఉన్నయి, బాపు నాలుగో జమాత్ దాక ఉర్దూలనే చదివిండు. నాకు అది చీమలు పారినట్టే. ఊర్లేమో పె.బం., కో.లిం., ధూ.క., ఇట్ల. కొన్నిటి పక్కన "ఇం.వ." అని ఉన్నది, అవి పద్నాలుగు.

అంటే నంబర్లు రిజిస్టర్‌ల ఉన్నయి, వస్తువులు సీసాలల్ల ఉన్నయి, రెండిటిని కలిపే కాగితం బూడిదైంది.

అడిగేది మూడు ముచ్చట్లు. ఒకటి, ఇవి మళ్ల జత కలుస్తయా? రెండు, మా తమ్ముడు మొత్తం గుత్తకు అమ్ముదమంటున్నడు, అమ్మొచ్చునా? మూడు, అసలు ఇవి ఇంట్ల ఉంచుకుంటే కేసులైతయా?

సిక్కాల సోపతి, కరీంనగర్

అక్కా, ముందుగల్ల చింతపండు పక్కన పెట్టు. ఇంకొక్కటి కూడ తోమకు. రాగి మీద ఆ పచ్చ పొర రెండు వేల ఏండ్లు పట్టి కట్టింది. అది పోతే అచ్చు మీది అక్షరం కూడ పోతది, మళ్ల రాదు.

రెండోది, సీసాలల్ల బూడిద రంగు, బరువుగ, మెత్తగ ఉండే బిళ్లలు ఉన్నయా? వాటి మీద తెల్ల పొడి లేచిందా? అవి సీసం నాణేలు. శాతవాహనులు సీసంతోని కూడ నాణేలు కొట్టిన్రు. కట్టె పెట్టెలల్ల, అట్ట డబ్బాలల్ల వచ్చే పులుపు ఆవిరి తగిలితే సీసం తెల్ల పొడి అయితది. ఆ పొడి విషం. పిల్లల చేతికి ఇయ్యకు, ముట్టినంక చేతులు కడుక్కో, వాటిని వేరే తియ్యి. ఒక్కొక్కటి చిన్న జిప్ కవర్ల వెయ్యి. పీవీసీ కవర్లు మాత్రం వద్దు, వాటికి జిడ్డు కారి నాణేనికి పట్టుకుంటది.

జత కలపడం గురించి. బాపు రాసిన ఆ అంకె ఏంది? నా లెక్కల అది తూకం అయి ఉండాలె. పాత నాణేల మనిషి ఊరు రాసిండంటే తూకం రాయకుండ ఉండడు. నయం కంసాలి దుకాణంల వాడే చిన్న డిజిటల్ తూకం దొరుకుతది, గ్రాములల్ల చుక్క తర్వాత రెండు అంకెల దాక చూపిస్తది. అది కొని, సీసాలల్ల ఉన్నదంత లోహం వారీగ వేరు చేసి, ఒక్కొక్కటి తూకం వేసి రాసుకో. లోహం, తూకం, బొమ్మ. ఈ మూడు కలిస్తే సగానికి పైన దొరుకుతయి.

పె.బం. అంటే పెద్దబంకూరు, అనుమానమే లేదు. పెద్దపల్లి పక్కనే. అక్కడ తవ్వకాలల్ల 22,000 దాక శాతవాహన నాణేలు దొరికినయి. కో.లిం. కోటిలింగాల, గోదారి గట్టు. ధూ.క. ధూళికట్ట, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. కోటిలింగాలయి ఉంటే నాకు ఫొటో పెట్టు, పానం కొట్టుకుంటున్నది. శాతవాహనులల్ల మొదటోడు ఛిముకుడి పేరున్న నాణేలు ఆ ఊర్ల దొరికినయి. వాళ్లకంటె ముందటి గోబద, నారన, కంవాయ, సమగోప రాజుల పేర్లు అవే నాణేల మీద చదివి తెలుసుకున్నరు. ఆ ఊరు పేరు లేకుంటే ఆ నాణెం ఉత్త రాగి బిళ్ల. అందుకే నువ్వు కాలబెట్టిన చీటీల కోసం నాకు ఏడుపస్తున్నది, ఏమనుకోకు అక్క.

పాతనోట్లు కొనబడును

మేడం మీ దగ్గర ఉన్న అన్ని కొంటాం. 1818 ఈస్టిండియా కంపెనీ రాముడు సీత లక్ష్మణుడు బిళ్ల ఉంటే 5 లక్షలు. వెంటనే ఇన్‌బాక్స్ చేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రమే.

సిక్కాల సోపతి, కరీంనగర్

వచ్చిండు. అక్కా, కంపెనీ వాళ్లు రాముడి బొమ్మతోని అర్ధణా ఎన్నడు కొట్టలేదు. అది జాతరలల్ల అమ్మిన బిళ్ల. దాన్ని పట్టుకొని బియ్యం గుంజుతదని, రైస్ పుల్లింగ్ అని, ఊర్లకు ఊర్లను ముంచిన్రు. ముందు ఫీజు కట్టుమంటరు, తర్వాత జీఎస్టీ అంటరు, తర్వాత ఫోన్ ఎత్తరు. పాత నాణేల పేరు మీద తమ పేరు వాడుకొని మోసం చేస్తున్నరని 2021ల రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ఇన్‌బాక్స్ తెరవకు.

హన్మకొండ టీచరమ్మ

తమ్మీ, కాళ్లు మొక్కుత, నువ్వు చెప్పినట్టే చేస్తున్న. తెల్ల పొడియి పదకొండు ఎల్లినయి, వేరే తీసిన.

రాముడి బిళ్ల కూడ ఉన్నది! రిజిస్టర్‌ల దాని వరుసల తెలుగులనే ఉన్నది, చదివి పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్విన: "వేములవాడ జాతర. దొంగది. 15 రూపాయలు పోయినయి. యాది ఉండాలని పెట్టుకున్న."

తూకం ముచ్చట నిజమే అనిపిస్తున్నది. బాపు అర్రల అవుసలోళ్ల చిన్న త్రాసు, దానితోని ఒక డబ్బీల గురిగింజలు ఉన్నయి. ఆడుకునేటియి అనుకున్న. లెక్కపెడితే సరిగ్గ 96. మూత లోపల "కల్దారు = ఇవన్ని" అని రాసి ఉన్నది. కల్దారు ఏంది? 96 ఏంది? ఉర్దూ అంకెలు ఎవరన్న చెప్పుండ్రి. కొన్ని వరుసలల్ల ఒకటే అంకె రెండుసార్లు వేసిండు, నడుమ గీత పెట్టి.

ముల్కీ తాత, జగిత్యాల

బిడ్డా, మనుమడు ఫోన్ల చూపిస్తే చదివిన. నేను చెప్త, వాడు కొడుతుండు. తప్పులుంటే వానియే.

మీ బాపు నా ఈడోడే. మాకు లెక్కలు ఉర్దూలనే నేర్పిన్రు, ఇప్పటికి కూడికలు నోట్లె ఉర్దూలనే అయితయి. అంకెలు సులువే. ఒకటి నిలువు గీత. సున్న అంటే ఉత్త చుక్క, ఇది మరువకు, చుక్కను మరక అనుకుంటే పది ఒకటైతది. ఐదు ఉల్లిగడ్డ లెక్క ఉంటది. ఏడు అంటే రెండు గీతలు కింద కలుస్తయి, గరాటు లెక్క. ఎనిమిది అదే తలకిందులు, గుడిసె లెక్క. తొమ్మిది మన తొమ్మిదే. రెండు, మూడు ఒక్క తీరుగనే ఉంటయి, పండ్లు లెక్కపెట్టు, మూడుకు ఒకటి ఎక్కువ.

కల్దారు అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయి, రాజు మొఖం ఉన్నది. మన నిజాం రూపాయిని హాలీ సిక్కా అంటుండె. మేము రెండు చూసినోళ్లం. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. లెక్క రాసేటోళ్లు నూరు కల్దార్లకు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు హాలీ అని రాసేది, అది కూడ గదే లెక్క. బెజవాడ దిక్కు పోతే హాలీ చెల్లకపోయేది, మార్సుకోవాలె.

కల్దారు సరిగ్గ ఒక తులం. తులానికి పన్నెండు మాసాలు, మాసానికి ఎనిమిది గురిగింజలు. ఎంతైంది? తొంభై ఆరు. మీ బాపు హుషారు మనిషి బిడ్డా. గురిగింజలు అన్ని ఒక్క తూకం ఉండవు, అందుకే కల్దారు రూపాయి ఒక తట్టల పెట్టి, సరిగ్గ తూగేటట్టు 96 గింజలు ఏరి పెట్టుకున్నడు. అవి ఆటవి కావు, బాట్లు. పారేయకు.

రెండుసార్లు వేసిన అంకె ఫొటో పెట్టు.

హన్మకొండ టీచరమ్మ

తాతా, దండాలు. ఫొటో పెట్టిన, చూడుండ్రి. 204, 205, 211 మూడిట్ల అదే ఉన్నది. జమ్మికుంట అంగడి అని ఊరు. గరాటు, గుడిసె నేర్చుకున్న గని ఇది అవి కాదు.

ముల్కీ తాత, జగిత్యాల

92 – 92. నవ్వుకున్న బిడ్డా. ఒక 92 తూకం. హాలీ సిక్కా తూకం 92 గురిగింజలే, కల్దారుకంటె నాలుగు తక్కువ. ఇంకో 92 రూపాయి మీదనే ఉంటది. చార్మినార్ బొమ్మ చుట్టు ఆసఫ్ జా నిజాముల్ ముల్క్ అని బిరుదు, దాంట్లనే చిన్నగ 92. ఉర్దూ అక్షరాలకు ఒక్కొక్కదానికి ఒక విలువ ఉంటది. మీమ్ నలబై, హే ఎనిమిది, మళ్ల మీమ్ నలబై, దాల్ నాలుగు. కలిపితే 92. ముహమ్మద్ అన్న పేరు అది. పైగంబర్ పేరు నాణెం మీద కాళ్ల కింద పడకుండ అంకెల రాసుకున్నరు.

చార్మినార్ దర్వాజల ఒక అక్షరం ఉంటది, భూతద్దం పెట్టి చూడు. మీమ్ ఉంటే మహబూబ్ పాషా కాలంది, ఐన్ ఉంటే ఉస్మాన్ పాషాది. ఉస్మాన్ 1911ల గద్దెనెక్కిండు. నీ సీసాల ఎన్ని ఉన్నయో, ఏది మీమో ఏది ఐనో చూస్తే మూడు నంబర్లు ఒక్క పూటల తెగుతయి.

బొందు కాగితాల మీద ఫస్లీ, అంటే నిజాం సర్కారు లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలుపు, ఇంగ్లీషు సంవత్సరం వస్తది. 1352 ఫస్లీ అంటే 1942–43. ఫస్లీ ఏడాది ఆజూర్ నెలతోని అక్టోబర్‌ల మొదలైతది, అందుకని రెండు ఇంగ్లీషు ఏండ్లు పడ్తది. ఇగ చాలు, నాకు కండ్లు నీళ్లు కారుతున్నయి, ఫోన్ ఎలుగుకు.

సిక్కాల సోపతి, కరీంనగర్

తాత చెప్పినంక నేను గ్రాములల్ల లెక్క చేసిన, కడుపు నిండింది. తులం 11.66 గ్రాములు. 96తోని భాగిస్తే గురిగింజ 0.1215. దాన్ని 92తోని గుణిస్తే 11.18. పుస్తకాలల్ల హాలీ రూపాయి తూకం 11.178 గ్రాములు! ఇంకో లెక్క చూడుండ్రి. హాలీల వెండి వెయ్యికి 818 పాళ్లు, కల్దారుల 917 పాళ్లు. హాలీల అసలు వెండి 9.14 గ్రాములు, కల్దారుల 10.69. ఆ రెండిటిని పోల్చి చూస్తే దాదాపు ఆరుకు ఏడు. తాత చిన్నప్పటి అంగడి మారకం వెండి లెక్కనే.

అక్కా, గిది పట్టుకో: బాపు రాసిన ప్రతి అంకెను 0.1215తోని గుణించు. "తెల్లది, 27" అని ఉంటే 3.28 గ్రాములు, అంటే వెండి ముద్రల నాణెం. ముఖం, పేరు ఏమీ ఉండవు. సూర్యుడు, చక్రం, కొండ ఇట్ల చిన్న చిన్న గుర్తులు ఒకదాని మీద ఒకటి కొట్టి ఉంటయి. పలుచటి వంకర ముక్క. హార్లిక్స్ సీసాల రేకు ముక్క అనుకునేటిది గదే.

ఏనుగు తొండం పైకెత్తి ఉండి, ఎనక దిక్కు కూడిక గుర్తు నాలుగు కొసలకు నాలుగు సున్నాలు ఉంటే శాతవాహనులది. ఆ సున్నాల దాన్ని ఉజ్జయిని గుర్తు అంటరు.

పాత మ్యూజియం మనిషి

అమ్మా, నేను పురావస్తు మ్యూజియంలో పనిచేసి రిటైరయ్యాను. మీరడిగిన రెండో, మూడో ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఉంచుకోవడం నేరం కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు. రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వీటిలో కొన్ని రకాలకు మాత్రమే రిజిస్ట్రేషన్ తప్పనిసరి: రాతి, లోహ, మట్టి, దంతపు శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, చెక్కడపు చెక్క. నాణేలు అందులో లేవు. మీ అటుక మీది పటం, వందేళ్లు దాటినదైతే, ఉంది. తాళపత్రాల్లో బొమ్మలు గీసి ఉంటే అదీ ఉంది. అలా రిజిస్టర్ చేయాల్సినవి వారసత్వంగా మీ చేతికి వచ్చిన సంగతి కూడా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ఇక పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు మనిషి దేశం బయటకు పంపడం పూర్తిగా నిషేధం. మీ తమ్ముడికి చెప్పండి: గుత్తకు కొనేవాడు లైసెన్సు చూపించకపోతే గుమ్మంలోంచే పంపేయమని. వెండి ఎంత తూగితే అంత అంటాడు, రిజిస్టర్ మాత్రం వద్దంటాడు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను.

తాళపత్రాల కట్టను విప్పేటప్పుడు ఆకులు అంటుకుని ఉంటే లాగకండి. తడి గుడ్డ అసలు పెట్టకండి. తాడు వదులు చేసి నీడలో ఉంచి ముందు ఫొటోలు తీయండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత భాండాగారం ఉంది, వాళ్లు చూస్తారు.

లాంతరు మీద ఎన్.జి.ఎస్.ఆర్. (నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే) అని ఉంది కాబట్టి 1930కి ముందుది అనుకోవచ్చు. అప్పటిదాకా నిజాం రైలు కంపెనీ చేతిలో ఉండేది. ఆ ఏడు నిజాం ప్రభుత్వం తీసుకున్నాక ఎన్.ఎస్.ఆర్. (నిజాం స్టేట్ రైల్వే) అయింది. పాత అచ్చులు కొన్నాళ్లు వాడి ఉండొచ్చు, అందుకే "అనుకోవచ్చు" అన్నాను.

చీటీలు కాల్చినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మా దగ్గర పెయింట్లు వేయించినప్పుడు ఇంతకంటే ఘోరాలు జరిగాయి, చెప్పుకుంటే సిగ్గు. ఒక్క సలహా. జత కుదిరిందని నూటికి నూరుపాళ్లు తెలియనప్పుడు కుదిరినట్టు రాయకండి. ఒకే తూకానికి మూడు నాణేలు సరిపోతే మూడింటినీ ఒకే కవర్లో పెట్టి "ఈ మూడింట్లో ఒకటి 41వ నంబరు" అని రాయండి. తర్వాత చూసేవాడు మీకు దండం పెడతాడు. "ఇం.వ." అంటే "ఇంకా వివరం కావాలి" అయి ఉంటుందని నా ఊహ.

మంథని ముచ్చట్లు

అందరు ఆయనను మెచ్చుకుంటున్నరు గని ఒక మాట అడుగుత. పాటిగడ్డల మీది వస్తువులు ఇంటికి తెచ్చుకునుడు తప్పు కాదా? భూమిల దొరికిన నిధి కలెక్టర్‌కు చెప్పాలె అంటరు. మా ఊరి గడ్డ మన్ను పొలాలకు ఎరువని బండ్లకు బండ్లు తోలుకపోయిన్రు, మిగిలింది ఇట్లాంటి పెద్దమనుషులు సంచులల్ల ఏసుకున్నరు. ఇప్పుడు మా ఊర్ల చూపియ్యడానికి ఒక్క పెంక లేదు.

హన్మకొండ టీచరమ్మ

మీ మాట నాకు గుచ్చుకున్నది, జవాబు ఎతికిన గని పూర్తిగ దొరకలేదు. బాపు తవ్వలేదు, తవ్వనీయలేదు కూడ. ఒకసారి కుండ నిండ ఉన్నదని ఒకాయన చెప్తే "నాకు చెప్పకు, తహశీల్ల చెప్పు" అన్నడని అవ్వ అంటున్నది. గని ఒకటొకటిగ మూడు వందలు తెచ్చిండు కద. అది తప్పు కాదని నేను అనలేను. జత అయినంక ఊరి వారీగ లిస్టు తీసి మ్యూజియంకు ఇద్దామని తమ్మునితోని మాట్లాడిన. "ఊకెనే ఇస్తమా" అన్నడు. ఇంకా మాట్లాడుతున్న.

మగ్గం బిడ్డ, సిరిసిల్ల

అక్కా పటం గురించి ఎవ్వలు అడుగుతలేరు! ఎర్ర రంగు నేల మీద బొమ్మలా? నిలువుగ చుట్ట విప్పేటిదా? పులి మీద కూర్చున్న రుషి ఉన్నడా చూడు. ఉంటే అది మా పద్మశాలోళ్ల పటం, ఆయన భావనా రుషి. కూనపులోళ్లు వచ్చి పటం కట్టి రాత్రంత మార్కండేయుని కథ చెప్తుండె. కాకిపడగలోళ్లు ముదిరాజులకు చెప్తరు, డక్కలోళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్తరు. ఎవరి పటం వాళ్లదే. చేర్యాల నకాషోళ్లు గీస్తరు. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి గట్టి చేస్తరు. ఎలుకలు కొరికింది ఆ అంబలి కోసమే. పటం పాతగయితే కొత్తది గీపిచ్చుకొని పాతదాన్ని నీళ్లల్ల కలుపుతరు, అందుకే పాతయి మిగలవు. మీ బాపుకు ఎట్ల దొరికిందో మా నాయనమ్మ అడుగుమన్నది.

హన్మకొండ టీచరమ్మ

పులి ఉన్నది! పులి మీద గడ్డపాయన ఉన్నడు, పక్కన మగ్గం గుంత ఉన్నది. మూడు మూరలే విప్పిన, పెళ్లలు రాలుతుంటే ఆపిన. రిజిస్టర్‌ల ఉన్నది నాయనమ్మకు చదివి చెప్పు: "మానేరుల కలుపుతున్నరు. అడిగితే ఇయ్యమన్నరు. కొత్తదానికి గుడ్డ కొనిచ్చిన, ఒక చీర, ఒడిబియ్యం పెట్టిన. అప్పుడు ఇచ్చిన్రు." మ్యూజియం సారు చెప్పినట్టు దాన్ని రాపిస్త.

లెక్క చెప్త. నాలుగు ఆదివారాలు కూర్చున్న. 312 వరుసలల్ల 171 కచ్చితంగ కలిసినయి. 58 "ఈ రెండిట్ల ఒకటి", "ఈ మూడిట్ల ఒకటి" అని కవర్లల్ల పెట్టిన. హాలీ రూపాయలు మూడు తెగినయి తాతా, 204ది మీమ్, మిగతా రెండు ఐన్. చింతపండు పెట్టినయి ఇరవైల ఆరు మాత్రమే కలిసినయి. తోమితే తూకం తగ్గింది కద, ఎవరిని అడగాలె. కోటిలింగాలయి తొమ్మిది, కరీంనగర్ తమ్మునికి ఫొటోలు పంపుత. పూసలు మాత్రం కలువయి, వాటికి తూకం రాయలేదు.

ఇగ "ఇం.వ." ముచ్చట. సారూ, ఇంకా వివరం కాదు. నిన్న మాపటికి అవ్వ ముందట రిజిస్టర్ పెట్టి, ఈ పద్నాలుగు ఎంత ఎతికినా సీసాలల్ల లేవు, ఇం.వ. అంటే ఏందో యాదికున్నదా అని అడిగిన. చదువు రాదు ఆమెకు. ఊర్ల పేర్లు చదువుమన్నది. చదివిన, అన్ని "రా.గు." అని ఉన్నయి. అవ్వ మొఖం మాడ్చుకొని "రాకాసి గుండ్లు. సచ్చినోళ్లను పెట్టిన కాడికెల్లి తెచ్చిండు. ఇంట్లకు తేవద్దన్న" అన్నది. బండలు గుండ్రంగ పేర్చి ఉంటయి కద అడవుల పొంటి, పాతకాలపు బొందలు, వాటి కాడియి. ఇం.వ. అంటే "ఇంట్ల వద్దన్నది."

మరి ఏం చేసిండు అంటే, బర్ల కొట్టం దిక్కు చెయ్యి చూపిచ్చింది.

బర్లు లేక ఇరవై ఏండ్లైంది. కొట్టంల చెత్తకట్టెలు తీసి చూస్తే కింద దాణా డబ్బ, మూతకు తీగ చుట్టి ఉన్నది. లోపల పద్నాలుగు చార్మినార్ పెట్టెలు, చెక్కు చెదరలేదు. మూతల మీద నంబర్లు. నేను ముట్టనివి, కాలబెట్టనివి.

మొదటిది విప్పిన. 263. అరచేతంత కుండ పెంక, ఒక పక్క నిగనిగ నలుపు, ఒక పక్క ఎరుపు. చీటి ఉన్నది. "లోపల నలుపు, బయట ఎరుపు, అంచుకు నలుపు. రెండు రంగులు పుయ్యలేదు, కాల్చుట్లనే వచ్చినట్టున్నది. బోర్లిచ్చి కాల్చిన్రా? కుమ్మరాయన్ని అడగాలె."

దాని కింద వేరే సిరాతోని: "అడిగిన. బోర్లిస్తే గట్లనే అయితదన్నడు. దూడకు మందు ఇచ్చిన."